అజంతం

లాలాగూడ రైల్వే క్వార్టర్సులో
గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించి
దాన్ని స్టూడియో అన్నాం.
నలభై రెండు అట్టలు,
ఇరానీ హోటల్ వెనక సందులోంచి మోసుకొచ్చినవి.
ఎండాకాలం నీసు వాసన,
మూడో పాటకల్లా మా చెమట వాసన.

సువార్తమ్మ. అవును, పోస్టరు మీదా అదే పేరు.
పొట్టిగా 'సూ' అని పెట్టుకోమన్నాడు
జూబ్లీహిల్స్ పబ్బు మేనేజరు.
"మా నాయనమ్మ పేరు సార్.
పట్టకపోతే బోర్డు పెద్దగ చేయించుండ్రి" అంది.

వాళ్ల నాన్న క్యారేజీ షెడ్డులో ఫిట్టరు.
చక్రాన్ని సుత్తితో కొట్టి
మోత విని చెప్పేవాడట, ఇనుము ఎక్కడ చీలిందో.
ఆ చెవే కూతురికి వచ్చింది.
నా బేస్ తీగ వెంట్రుకవాసి దిగినా
పాట మధ్యలో, కళ్లు తెరవకుండానే,
ఎడమ కనుబొమ లేచేది.

మొదటి రెండేళ్లూ ఇంగ్లీషులోనే పాడాం.
ఒక రాత్రి కరెంటు పోయింది.
దూరంగా మౌలాలి గుట్ట మీద ఒక్కటే దీపం.
"మన మాటలు మూసుకోవు, గమనించినవా?" అంది.
"ఇంగ్లీషు మాట తలుపు లెక్క, ధన్‌మని పడతది,
డ్రమ్ము దెబ్బకి అతుకుతది.
మనకి అన్నిటి చివర్ల అచ్చే.
ఇల్లు. ఆకలి. రైలు. అప్పు.
ఒక్కటి గూడ గొళ్లెం పెట్టుకోదు."

మేం అది లోపమనుకున్నాం.
ఆమె ఆర్నెల్లు దానితో పెనుగులాడి
తెరిచివున్న ఆ తలుపులోంచే అరిచింది.
'సైరను కూసింది, నాయిన రాలే' అని ఒక పాట.
రాలే:
రాలేదన్నా అదే మాట, రాలిపోవడమన్నా అదే.
ఆ చివరి ఏకారాన్ని
ఆంప్లిఫయరు కీచుమనేదాకా పట్టుకుని వదిలేది కాదు.
ఏడుపో, కూతో, మాకూ తెలిసేది కాదు.
పక్క క్వార్టరు పోచయ్యకి తెలిసింది.
"ఏం లొల్లి ఇది!" అన్నాడు.
ఆల్బమ్‌కి ఆ పేరే పెట్టాం.

మూడు వందల సీడీలు.
నూట పద్దెనిమిది అమ్ముడయ్యాయి.
మిగిలిన వాటిలో కొన్నిటిని
మా చిన్నది దారాలు కట్టి బాల్కనీలో వేలాడదీసింది,
పావురాలు రాకుండా.
వస్తూనే ఉన్నాయి.

పబ్బుల్లో టిష్యూ కాగితం మీద రాసి పంపేవారు:
ఒక సినిమా పాట ప్లీజ్, మా వాడి బర్త్‌డే.
ఆమె చదివి, దానితోనే మెడ తుడుచుకుని
తర్వాతి పాట ఎత్తుకునేది.
ఒకసారి పదకొండు మంది విన్నారు,
అందులో నలుగురు వెయిటర్లు.
ఆ రాత్రి పాడినట్టు మళ్లీ ఎప్పుడూ పాడలేదు.

బ్యాండు విడిపోయిందని చెబుతుంటాను.
విడిపోలేదు. నేను వెళ్లిపోయాను.
ఏఎస్ రావు నగర్‌లో ఇన్వర్టరు బ్యాటరీల షాపు.
కరెంటు పోయినప్పుడల్లా నాకు నాలుగు డబ్బులు.

తర్వాత ఎవరో చెప్పారు,
గొంతులో కాయ కాసిందనీ,
కోఠీ ఆస్పత్రిలో కోశారనీ,
రెండు నెలలు పలక మీద రాసి మాట్లాడిందనీ.
చూడ్డానికి వెళ్లాలనుకున్నాను.
అనుకోవడం దగ్గరే ఉన్నాను, పలక అవతల పడేసేదాకా.

మొన్న ఆదివారం, బంజారాహిల్స్‌లో
బండరాళ్ల నడుమ ఒక పాత ఇంటి పెరడు.
ప్లాస్టిక్ కుర్చీలు. వెనక వరసలో నేను.
జుట్టు కత్తిరించుకుంది. గిటారు మాత్రం అదే,
భుజం దగ్గర రంగు లేచిపోయి కట్టె కనిపిస్తోంది.
'నాయిన రాలే' దగ్గరికి వచ్చింది.
ఆ ఏకారం ఇప్పుడు సగంలోనే విరుగుతుంది.
విరగనిచ్చింది.
అతికించే ప్రయత్నమేదీ చేయలేదు.
మిగతా సగం గాలికి వదిలి
తీగల మీద అరచెయ్యి పెట్టి ఆగింది.

మళ్లీ మొదలెట్టాక
కళ్లు మూసుకునే ఉంది, ఎడమ కనుబొమ లేచింది.
కొత్త బేస్ కుర్రాడు తడబడి
తీగ బిగించుకున్నాడు.

జేబులో నా వేళ్లు కూడా
లేని మరని
ఒక్క పిసరు తిప్పాయి.