మొలిచాక కదా వాసన

రేజియా లోయలో దీన్ని స్ట్రోక్ అంటాం.
పిల్లవాడి పిడికిలంత కూడా ఉండదు.
ఎర్రటి పొర, లోపల ఆరో ఏడో రెబ్బలు
చలికి దగ్గరగా జరిగి కూర్చున్నట్టు.
బజారులో తూకానికి నిలబడదు.
మా మేనత్త ఎర్సీలియా దీన్ని ఎన్నడూ తూచలేదు,
లెక్కపెట్టేది.

అక్టోబరు చివర వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి
గడ్డలు విడదీసేది.
పెద్ద రెబ్బ ఎడమకి, చిన్నది కుడికి.
ఎడమది నేలకి. కుడిది మనకి.
ఒకసారి నేను పొరపాటున పెద్దదొకటి సూపులో వేశాను.
రెండు రోజులు పలకలేదు.
"వచ్చే ఏటి గడ్డని తినేశారు" అంది మూడో రోజు,
అదీ నాతో కాదు, పొయ్యితో.

ఆమె భర్త గిల్డో కత్తులు సానపట్టేవాడు.
సానరాయి సైకిలుకి బిగించుకుని
మార్చిలో కొండ దిగితే మళ్ళీ మంచు పడ్డాకే రావడం.
వెళ్ళేటప్పుడు మూడు పాయల జడ అల్లి ఇచ్చేది,
నిండా వెల్లుల్లి.
రాత్రి పడుకోను చోటిచ్చిన ఇంటికల్లా ఒక గడ్డ తెంపి ఇచ్చేవాడు.
తిరిగొచ్చాక ఆమె ముందు ఆ జడని చూసేది, తర్వాతే మనిషిని.
మిగిలిన గడ్డలెన్నో
అన్ని రాత్రులు ఆరుబయట పడుకున్నాడన్నమాట.

డెబ్భై ఆరు మే నెలలో భూమి కదిలింది.
వెల్లుల్లి మట్టిలో ఉంది, దానికేం కాలేదు.
మనుషులే ఇళ్ళలో ఉన్నారు.

జూలైలో గుడారంలోంచి వెళ్ళి తవ్వుకుంది,
బీట్లు వారిన ఇంటి అటకకే వేలాడదీసింది.
"అప్పుడు పడనిది ఇప్పుడేం పడుతుంది."
సెప్టెంబరులో పడింది.
గిల్డో పోయిన నాలుగేళ్ళూ అటక మీదే ఉన్న సానరాయి
రెండు ముక్కలైంది.

బస్సులొచ్చాయి. సముద్రపు ఒడ్డుకి,
వేసవి జనం ఖాళీ చేసిన హోటళ్ళకి తీసుకుపోయారు మమ్మల్ని.
మనిషికి ఒకటే సంచి అన్నారు.
అందరి సంచుల్లో ఫోటోలు, రసీదులు, పెళ్ళినాటి దుప్పట్లు.
ఆమె సంచిలో
సున్నం దుమ్ము కొట్టుకున్న అరవై మూడు గడ్డలు.

నాలుగో అంతస్తు. కిటికీ నిండా నీళ్ళు.
పుట్టి బుద్ధెరిగాక ఆమె చూసిన మొదటి సముద్రం.
"దీని మీద ఏం పండుతుంది?" అని తెర లాగేసింది.
బాల్కనీ కుండీల్లో ఎండిన పూలమొక్కలు పీకి
రెబ్బలు గుచ్చింది, మొన పైకి.

మేనేజరు, సన్నమీసాలాయన, వాసనొస్తోందని పైకొచ్చాడు.
"ఇంకా మొలవనేలేదు, మొలిచాక కదా వాసన" అంది.
అయితే అది మాదే అయి ఉంటుంది.

ఫిబ్రవరిలో కమ్మీల మధ్య నుంచి ఆకుపచ్చ కత్తులు లేచాయి.
ఎవరు సానపట్టారో.
తిరుగు బస్సులో కుండీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.
తొమ్మిదేళ్ళు నాకు.
ప్రతి మలుపులోనూ మట్టి ఒలికితే
ఆమె వంగి, చిటికెలతో ఏరి, మళ్ళీ పోసేది.

మేం విత్తనం పట్టనివ్వం. జూన్‌లోనే పూకాడ విరిచి
గుడ్లతో వేయించుకుంటాం.
రెబ్బే గడ్డవుతుంది, గడ్డే రెబ్బలవుతుంది.
తల్లి లేదు, బిడ్డ లేదు, ఒకటే ఒళ్ళు
మట్టిలో ఎన్నిసార్లు పడుకుని లేచిందో.
ఇవాళ నా గోళ్ళ కింద మండుతున్నది
ఆ బాల్కనీలోదే. సముద్రం చూసొచ్చింది.
ఎవరికీ చెప్పదు.

దుప్పటి మారింది, బల్ల మారింది.
ఎడమన నాలుగొందల పైచిలుకు.
కుడిన, నిజం చెప్పాలంటే, ఈ రాత్రికి సరిపడా.
అన్నిటికన్నా పెద్ద రెబ్బ మాత్రం జేబులో వేసుకున్నాను,
ఎడమకీ కాదు, కుడికీ కాదు.

శ్మశానం గేటుకి బోర్డు ఉంది,
సమాధుల మీద పూలు తప్ప ఏమీ నాటరాదని.
వేలితో చిన్న గుంట చేశాను, ఆమె పాదాల వైపు.
మొన పైకి.
ఎవరైనా అడిగితే ఏమనాలో
నాకు తెలుసు.