గుటక

రోజుకు ఎన్నిసార్లు మింగుతామో
ఎవురైనా లెక్క పెట్టుకుంటారా?
పది దినాలు నేను పెట్టినా.
నాది కాదు, ఆయనది.
లెక్క సున్నా కాడే నిలబడిపోయింది.

మా ఆయన చెంగల్రాయులు.
పెనుమూరు పక్కన నలభై ఏండ్లు బెల్లం వండినోడు.
చెరుకు పిప్పి మంట ముందర నిలబడి
గరిటె మీద నుంచి జారే పాకాన్ని చూసి
రెండు వేళ్ళు లేపి ఊపితే
ఇంకా రెండు నిమిషాలని అర్థం.
గడియారం చూసే పని లేదు ఎవురికీ.
ఎవురైనా సంగటి నమిలితే నవ్వేవాడు,
"నమిలేదేంది, అదేమన్నా చెరుకా?"
ఊరిబిండిలో అద్దుకొని
ఒక్క గుటక.

ఆ గుటక
ఒక తెల్లారుజామున పోయింది.
చెయ్యి పడిపోయింది, మూతి వంకర తిరిగింది,
అవన్నీ కనిపించినాయి.
ఇది మాత్రం కనపడలేదు,
తిరుపతి ఆసుపత్రిలో చెంచాడు నీళ్ళు
ఊపిరి దోవన పడి
ఆయన కండ్లు తేలేసేదాకా.

అప్పట్నుంచి ముక్కులో గొట్టం.
సిరంజిలో రాగి జావ పోస్తా.
నాలుకను పలకరించకుండానే
దొంగ మాదిరి లోపలికి పోతాది.

మూడో అంతస్తు. కిటికీ నిండా కొండ.
రిహానా అని ఒక పాప, మదనపల్లె యాస,
ఆయన నెత్తికి టోపీ తొడిగి, పెన్నుతో గుర్తు పెట్టి,
ఎనిమిది అంకె మాదిరి ఉండే బిళ్ళను ఆనిచ్చి పట్టుకుంటాది.
టక్ టక్ టక్ టక్.
వడ్రంగి పిట్ట మాను మీద కొట్టినట్టు.
కోత లేదు, కుట్టు లేదు, నెత్తురు బొట్టు లేదు.
"కరెంటా పాపా?" అన్నా.
"అయస్కాంతం అమ్మా. లోపల రవంత కరెంటు పుట్టిస్తాది."
చెడిన పక్కన పెడతారనుకుంటి.
బాగుండే పక్కన పెట్టింది.
"ఆ పక్క పడుకునేసిందమ్మా.
ఈ పక్కకు దాని పని కూడా నేర్పిస్తాం."

నాకు నవ్వొచ్చింది. ఎందుకో చెప్పలా.
మా ఇంట్లో ఎప్పుడూ జరిగేది అదే కదా.

ఆయన ఏనాడూ ఒక మాట మింగిన మనిషి కాదు.
కోపమొస్తే పదిమందిలోనే, బయటికే.
మింగింది నేను.
మండీలో అప్పిచ్చినోడి మాట,
మా అత్త మాట,
కాన్పులోనే పోయిన బిడ్డకు పెట్టాలనుకున్న పేరు,
మీద నీళ్ళు కూడా తాగకుండా మింగినా.
ఈ విద్యకు సర్టిఫికెట్టు ఇచ్చేటట్టుంటే
నా గొంతు చూపిస్తా.

ఇప్పుడు ఆ పాప ఆయనకు చెప్తాది,
"తల వంచు తాతా. గడ్డం ఎదకు ఆనించు. ఇప్పుడు మింగు."
వ్యాపారి ముందర వంచని తల
చెంచా ముందర వంచుతాడు.

"నయమైపోతాదా?" అని అడిగినా.
"కొందరికి తొందరగా వస్తాది. కొందరికి రాదు.
మేమూ ఇంకా నేర్చుకుంటానే ఉండాం" అనింది.
ఖాయంగా వస్తాదని ఉంటే
ఆ పిల్లను నమ్మేదాన్ని కాదు.

ఈ పొద్దు పదకొండో దినం.
నీళ్ళలో ఏదో పొడి కలిపి చిక్కబరిచింది.
చెంచా వంచి, జారేది చూసుకుంటా ఉంది.
ఆయనా చూసినాడు,
ఒక కన్ను చిట్లించి, పొయ్యి ముందర చూసినట్టు.
బాగుండే చెయ్యి లేచింది.
రెండు వేళ్ళు ఊగినాయి.

పాపకు అర్థం కాలా.
"పాకం రాలేదంట, ఆగమంటా ఉండాడు" అన్నా.
ఆగినాం.

తల వంచినాడు.
గొంతు కాడ ఎముక
బావిలో చేద మాదిరి
పైకి లేచి, రవ్వంత నిలబడి, కిందికి దిగింది.
దగ్గు కోసం కాచుకున్నాం ముగ్గురమూ.
రాలేదు.

ఒకటి, అని లెక్క పెట్టినా.
అప్పుడు తెలిసింది,
చెంచా లేచినప్పట్నుంచీ
నేను గూడా
ఉమ్మి మింగకుండా ఉండానని.