చిట్టాకెక్కిందా?

కింద పత్తి మండీ, పైన నా గది.
ఆదోనిలో మార్చి; ఫ్యాను రెక్కల మీద కూడా దూది నుసి.
ఫైళ్లు మెమరీలోంచి డిస్కుకు దిగే దారిని
నెల రోజులుగా ఊడుస్తున్నాను.

"ఏం పనమ్మా అది?" అన్నాడు గుమాస్తా ఉరుకుందప్ప.
"రాసినా అని చెప్పి రాయనోళ్లను పట్టుకునే పని" అన్నాను.
నవ్వలేదు.
చెవి మీది పెన్సిలు తీసి, మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు.

టీ చల్లారినాక చెప్పాడు:
ఒక ఏడు కోసిగి తిక్కయ్య పదకొండు బోరేలు దించినాడంట.
కాటా పలికిన తూకాలు తలలో పెట్టుకొని
"రాసినా, పో" అన్నాడంట ఈయన.
ఇంతలో వాన. పట్టలు, పరుగులు.
వాన వెలిసేసరికి తలలో పదే మిగిలినాయి.
"ఆ ఒక్క బోరెం యాడ పాయెనో
ఇప్పటికీ నిద్రలో ఎతుకుతాండా."
చిట్టాలో గీత పడందే
అప్పట్నుంచి నోరు విప్పడు.

మా యంత్రానిదీ అదే రోగం.
మార్చిన పుటకు డిస్కు తగిలేదాకా మైల విడవదు;
అడిగినవాడికి మాత్రం ముందే "అయింది" అని జవాబు.
కరెంటు పోతే ఆ మాటకు పూచీ ఎవరు?
వరుస తప్పినా ముప్పే.
సరుకు కొట్టులో పడకముందే పేరు ఎక్కిస్తే,
తెరిచి చూసినవాడికి
నిరుడు అక్కడున్న వేరేవాడి మూట కనబడుతుంది.

రాసే లూపు ఒక్కటే.
ఏడు ఫైల్‌సిస్టంలు ఏడు ఇంటిపేర్లు తగిలించి దాచుకున్నాయి.
ఆరు కొట్టేశాను.
ఏడోదాంట్లో, పదిహేనేళ్ల కిందట ఎవరో రాసిపెట్టారు:
"ఇది ఎందుకుందో తెలీదు, తీస్తే చెడుతుంది."
తీశాను.
చెడింది.
రెండు రాత్రులు కూర్చుని, ఎందుకో కనుక్కుని,
ఆ కారణం పక్కన రాసి
మళ్లీ పెట్టాను.

నిన్న సాయంత్రం జిన్నింగు మిల్లు మోత ఠక్కున ఆగింది.
యూపీఎస్ నేనే పీకేసి ఉంచాను, చూద్దామని.
చీకట్లో కింద నుంచి కేక:
"ఏమ్మా, రాసినావా?"
పలకలేదు నేను.

ముప్పావు గంటకు కరెంటొచ్చింది.
డిస్కు గిర్రున తిరిగి ముందు చిట్టా చదివింది.
సగంలో తెగిన పద్దును వదిలేసింది,
నిండినవి ఒక్కొక్కటే ఆవర్జాకు ఎక్కించింది.
మెట్ల మీద ఉరుకుందప్ప, చేతిలో టార్చి.

"ఉండప్పా," అన్నాను,
"ఇంకా లెక్క పెడతాండా."