థిన్నర్ పెట్టకు

సోమారం పడవలకు సెలవు,
నాకు కాదు.
షెడ్డు ముంగట నీలి తాటిపత్రి పరిచి
పడవల ఒంటిమీది సొమ్ములన్నీ ఊడదీసి కుప్పబోస్త:
ఇరవై రెండు ఫెండర్లు, తొమ్మిది చుట్టల తాళ్లు,
బూజుబట్టిన లైఫ్ జాకెట్లు,
చిలుమెక్కిన ఇత్తడి కొక్కాలు,
ఒక విజిలు, ఎవరి మెడలకెల్లి తెగిందో.

ఫెండరంటే తెల్వనోళ్లకు చెప్తున్న.
పడవకూ గట్టుకూ నడుమ
సొరకాయ లెక్క యాలాడేది.
అలొచ్చి తోసినప్పుడల్లా
దెబ్బ పడవకు తాకకుండ, గోడకు తాకకుండ
నడుమల నలిగేది.
రంగులు పడవకే, పేరు పడవకే,
కొబ్బరికాయ గూడ పడవకే కొడ్తరు.

హుస్సేన్‌సాగర్ మురికి ఒక్క తీరుది కాదు.
పైన నాచు, గోటితోని గీకితే లేస్తది.
దాని కింద డీజిల్ జిడ్డు.
ఇంకా కింద నిమజ్జనాల గులాబీ రంగు,
ఏ ఏడాదిదో నాకు గూడ తెల్వది.
అన్నిటికన్న మొండివి
గట్టు టైర్లు రాసిన నల్లగీతలు.

గౌస్ మియా నేర్పిండు నాకీ పని.
వంటసోడా ముద్ద, కొబ్బరి పీచు,
రూపాయి బిళ్లంత జాగల
గుండ్రంగ, గుండ్రంగ.
తాళ్లను పాత దిండు గలీబుల మూటగట్టి
కుంకుడు రసంల నానబెట్టాలె,
లేకుంటే చిక్కుపడి
నల్లాకాడి కొట్లాట అయితది.
ఇత్తడికి చింతపండు. జాకెట్లకు నీడ.
"థిన్నర్ మాత్రం పెట్టకు బేటీ.
ఒక్క తుడుపుకు అద్దం లెక్క మెరుస్తది.
గదే దాని మోసం."

పెట్టిన.
కొత్తల. తెల్లారితే పోటీలు,
ఎవరో పెద్ద సారొస్తుండని సెక్రటరీ ఉరుకులాట.
పెయింటరు సీసాకెల్లి గుడ్డ తడిపి
ఒక్క ఫెండరు మీద గుంజితే
నల్లగీతలు పుట్టనే లేదన్నట్టు మాయం.
కొంగ లెక్క తెల్లగయింది.
శభాష్ లచ్చవ్వా అన్నడు సెక్రటరీ.

వారం తిరగలే,
జిగురు మొదలైంది దానికి.
దుమ్ము, ఈక, దోమ,
పల్లీల పొట్టు, ఎవరిదో వెంట్రుక.
ఏది తాకితే అది అంటుకునుడే.
గౌస్ మియా తిప్పి తిప్పి చూసిండు, తిట్టలే.
"మరకతోని తోలు గూడ పోయింది" అన్నడంతే.

గా ఏడే మా తమ్ముడు బుచ్చిరాములు
చిట్టీ పైసల్లకెల్లి పదకొండు వేలు వాడుకున్నడు.
నల్లాకాడ, బిందెల వరుస ముంగట,
వాని అత్తగారోళ్లు చూస్తుండంగ నిలబెట్టి అడిగిన.
నేనన్న మాటల్ల ఒక్కటి గూడ అబద్దం లేదు.
నెల తిరగకముందే రూపాయి తక్కువ గాకుంట కట్టిండు.
లెక్క సాఫ్.

ఇప్పుడు బస్తీల
ఎవరి సైకిల్ పోయినా, ఎవరి గొలుసు తెగినా
ఆ మాట ఎగురుకుంట ఎగురుకుంట పోయి
వానికే అంటుకుంటది.

ఓ పొద్దంత వాని పక్కన కూసుని
గుండ్రంగ, గుండ్రంగ అడగాల్సింది.
నాకు గా పొద్దు
పనికి లేటయితుండె.

నాలుగ్గొట్టంగ
తాళ్లు దండెం మీద బొట్లు బొట్లు కారుతున్నయి.
ఇరవై ఒక్క ఫెండర్లు కడిగిన గిన్నెల లెక్క బోర్లబడి ఉన్నయి.
ఇరవై రెండోదాన్ని ఏ పడవకూ కట్ట.
పారేయమని సెక్రటరీ నాలుగుసార్లన్నడు,
సరే సార్ అని నాలుగుసార్లన్న.

పగటిపూట బువ్వ తిన్నంక
దాన్నే తలకింద పెట్టుకుంట.
ట్యాంక్‌బండ్ మీద బస్సుల మోత,
నీళ్లకెల్లి గదే వాసన,
కండ్లు మూసుకపోతయి.
లేవబోతే
చెంపకు అంటుకుని ఉంటది.

గుంజ.
దానంతటది ఇడిసేదాక
అట్లనే ఒరిగి ఉంట.