తలకట్టు, గొడుగు

కొట్టు గుణుపురంలో, తెరమీది మిషను
భువనేశ్వర్‌లో.
నేనిక్కడ క నొక్కితే
తలకట్టు విప్పేసి, గొడుగేసుకుని
అక్కడ దిగుతోంది ఒడియా క.

పాస్‌వర్డులో @ కొడితే
కొటేషన్ గుర్తు పడుతోంది.
మూడోసారికి తాళం.
బల్లకవతల సుంబరి గొమాంగో
పింఛను కాగితాన్ని
ఇంకో మడత పెట్టింది.

ఫోన్లో బెహెరా బాబు:
"మీ కీబోర్డుకేం రోగం లేదు,
లేఅవుట్ మా వైపుది. మార్చాను.
లాగవుటై మళ్లీ రండి."

వెళ్లొచ్చాను. @ ఇప్పుడు @.
రెండు భాషలూ తెర మూలన
వరసగా కూచున్నాయి.

"నీ పేరు ఏ అక్షరాల్లో కొట్టనమ్మా?"
సవర యాసలో నవ్వింది:
"ఏటైతేటి బాబూ,
పిలిస్తే పలుకుతాను కదా."

గ నొక్కాను.
గొడుగుతోనే వచ్చింది.
బయట వంశధార మీద
మబ్బు పట్టివుంది.