హద్దులు

దేవరకొండ రిజిస్ట్రాఫీసు ముంగట
ముప్పయ్యేండ్లు దస్తావేజులు రాసిన చెయ్యి
ఇంకా రాస్తది.
కన్నే చదువుతలేదు.

మెదడుల నెత్తురు గడ్డకట్టి
పదకొండు దినాలు నల్లగొండ దవాఖానల పండి లేచిన పొద్దు
పేపరు ఇప్పితే చీమల బారు.
అద్దాలు తుడిచిన. మల్ల తుడిచిన.
"గడియారం చూసి టైము మంచిగనే చెప్తివి గదా"
అన్నది అండాలు.

డాక్టరు పెన్నిచ్చి ఏదన్న రాయమన్నడు.
తూర్పు: బండ్లబాట. పడమర: వాగు.
చెయ్యి దానంతల అదే పోయింది.
చదువమంటే
ఎవని రాతో అనుకున్న.

డిండి కాడ రెండెకరాలు కొన్న జంగమ్మ
చూసిపోదామని వచ్చింది,
సంకల సంచి, సంచిల నేను రాసిన కాయితం.
ఆనాడు "అయ్యా, ఇండ్ల నా పేరు యాడున్నది?" అంటే
యాష్టపడి
ఆమె బొటనవేలు పట్టి సిరాల అద్దిన.
ఇయ్యాల నేనే అడిగిన:
నీ పేరు యాడున్నది జంగమ్మా?
తడుముకోలేదు.
ముద్ర మీద వేలు పెట్టి
"ఇగో, ఇది నేను" అన్నది.

కాయితం నా కాడనే ఉంచుకున్న, ఒక్క రాత్రికి.
అండాలు నిద్రవోయినంక
చూపుడువేలుతోని అచ్చరాల ఎంబడి నడుస్తున్న.
జ. సున్న. గ.
మ, దాని కింద ఇంకో మ.
కన్ను మరిచింది వేలుకు ఎరుకే,
కొసకు చేరేసరికి మొదలు జారిపోతది గని.
మల్ల జ కాడికి.

తెల్లారుతుండంగ పేరు దొరికింది.
ఆడికెంచి ముద్ర మీదికి పోయిన వేలు
గీతల నడుమ తిరుగుతనే ఉన్నది
యాడ మొదలో తెల్వక.