తగిన చదువు

కెరెన్సాకు తొమ్మిదేళ్ళు నిండిన మర్నాడు
డెవైజెస్ కొండ కింద పడవ కట్టేశాం.
పైదాకా ఇరవై తొమ్మిది లాకులు,
మెట్టు మెట్టుకీ ఒక నీళ్ళ గది.
పిల్లకు ఇంకా చదవడం రాదు.

ఈ మాట పైకి అనను.
అంట్లు తోముతూ నీళ్ళ చప్పుడులో అనుకుంటాను.
ఆదివారం ఫోనులో మా అత్తగారు హెస్టర్
"ఈ వారం ఏం నేర్చుకుంది?" అంటే
"కొంగ గూడు చూసింది" అని తప్పించుకుంటాను.
ముప్పై ఏళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా చేసిన మనిషి.
ఆవిడ ఊరుకుంటే చాలు,
నా గోళ్ళు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసుకుంటాను.

నేనూ హ్యూ ఒట్టు పెట్టుకున్నాం,
అడగని దానికి జవాబు చెప్పకూడదని,
అడిగిన దానికి మాత్రం
పొయ్యి మీద సూపు మాడినా సరే ఆగి చెప్పాలని.
ఎన్ని సూపులు మాడాయో.
నీళ్ళు పైకెందుకు ఎక్కవు?
అవి ఎక్కకపోతే మన పడవ కొండెలా ఎక్కుతోంది?
లాకు దాటుతున్నట్టు చేపకు తెలుస్తుందా?
చివరి దానికి కాలవ పొడుగునా
ఇప్పటికీ ఎవరి దగ్గరా జవాబు లేదు.

లాకు గేటుకు వీపు ఆనించి తొయ్యాలి.
అటు నీళ్ళూ ఇటు నీళ్ళూ ఒక మట్టానికి రాకముందు
ఏనుగొచ్చి తోసినా కదలదది.
వచ్చాక, చిన్నపిల్ల వీపు చాలు.
వెయ్యిసార్లు చూశాను ఇది.
చూసి కూడా, రాత్రిళ్ళు
పెద్దక్షరాల పుస్తకమొకటి దాని దిండు పక్కన
మరిచిపోయినట్టు వదిలేసేదాన్ని.
అది దాని మీద కోకో కప్పు పెట్టుకునేది.
అట్ట మీద గుండ్రటి మరకలు,
ఒకదాన్నొకటి కోసుకుంటూ పదకొండు.
లెక్కపెట్టింది నేనే.

ఏప్రిల్‌లో కౌన్సిల్ నుంచి ఉత్తరమొచ్చింది,
మేం వదిలేసిన మూడు రేవులు తిరిగి, చెమ్మ తగిలి.
ఒకసారి చదివి
బొగ్గుల డబ్బా వెనక్కి తోసేశాను.
పొయ్యి రాజెయ్యడం ఆ వారం కెరెన్సా వంతు.
కాగితం నలపబోయి ఆగింది.
"అమ్మా, ఇందులో నా పేరుంది."

పేరు సరే, పేరు దానికి తెలుసు.
ఆ పేరు పట్టుకుని పక్క మాట మీద కాలు పెట్టింది,
తడి పలక మీద పెట్టినట్టు, బరువు వెయ్యకుండా.
తర్వాత ఇంకోటి.
ఒకచోట జారి, వెనక్కొచ్చి, మళ్ళీ వెళ్ళింది.
నేను ఉల్లిపాయ తరుగుతున్నాను.
కత్తి ఆపితే ఎక్కడ ఆగిపోతుందోనని
తరిగిన ముక్కలనే మళ్ళీ తరిగాను.

"ఎప్పుడొచ్చింది నీకిది?"
"ఏమో. పడవల మీద పేర్లుంటాయిగా.
గ్యాస్ బండ మీద కూడా బోలెడు రాసుంటుంది."
దగ్గొస్తే ఎప్పుడొచ్చిందంటాం గానీ
నడక ఎప్పుడొచ్చిందో ఎవరు గుర్తుంచుకుంటారు,
అన్నట్టుంది దాని మొహం.

"మీ కుమార్తెకు తగిన విద్య అందుతున్నదా?
అమ్మా, తగిన అంటే?"

సూపు పొంగుతోంది. ఒట్టు ఒట్టే.
"సరిపోయేది" అన్నాను.
"దేనికి?"
దానికి నా దగ్గర మాట లేదు.
తమ్ముడు జాగో మెట్ల మీద కూర్చుని
అక్క పాత బూట్లలోకి కాళ్ళు దూరుస్తున్నాడు,
ముందు ఖాళీలో పాత పేపరు కుక్కుకుని.
కెరెన్సా వాటి వంక కాసేపు చూసింది.
"నేను రాస్తాను వాళ్ళకి" అంది.

పెన్సిలు ఉమ్మితో తడిపి, బల్ల మీద బోర్లా పడుకుని,
లాకుల గురించి, చేప సంగతి గురించి రాసింది,
తప్పుల మీద తప్పులు.
స్పెల్లింగు అడగలేదు. నేను చెప్పలేదు.
చెప్పకుండా ఉండడం
ఆ గేట్లన్నిటికన్నా బరువు.
సూపు అడుగంటింది.

పద్నాలుగు రోజుల గడువు తీరింది, తాడు విప్పాం.
ఆదివారం హెస్టర్ ఫోను చేసింది, "ఏం నేర్చుకుంది?"
గొంతు దాకా వచ్చిన మాటను
ఎందుకో అక్కడే ఉంచేశాను.
అది కెరెన్సాది, చెప్పుకుంటే అదే చెప్పుకోవాలి.
"కొంగపిల్లలు ఎగిరిపోయాయి" అన్నాను.
అటు వైపు కాసేపు ఏమీ వినపడలేదు.
ఈసారి నేను గోళ్ళు చూసుకోలేదు.